పురుగు చూడని మూల

"గా బ్లేడు కింద పెడ్తవా, లేదా?"

నవ్య గడప మీదే నిలబడి అరిచింది. జనగామలో పొద్దుటి రైలెక్కి, కేసముద్రంలో దిగి, గూడూరు ఆటో పట్టుకుని తండాకు చేరేసరికి ఇంట్లో ఇదీ వరస. అన్న వెంకట్ చేతిలో ఇనుము కోసే ఆక్సా బ్లేడు ఉంది. తల్లి జమ్లీ, పిల్లల నోట యాడీ, గోడకు వీపు ఆనించి, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని కూర్చుంది. తండ్రి లక్ష్మా మంచం మీద కూర్చుని ఎటో చూస్తున్నాడు.

"పెట్ట. నువ్వెవరివే నాకు చెప్పనీకె?" అన్నాడు వెంకట్. "మూడు నెలల సంది యాడీ దగ్గుతుంటె దవాఖానకు తోల్కపోదామన్న. ఏం అవసరం లేదు, అంత మంచిగుందన్నదెవరు? నువ్వు. నువ్వు గాదు, నీ పురుగు!"

"నేను తప్పు కాదన్లేదు గద అన్నా. గందుకే ఉరికొచ్చిన."

"నెత్తురు పడ్డంక వచ్చినవ్."

సోమవారం కేసముద్రం మార్కెట్ యార్డులో, మక్కల కుప్ప పక్కన, జమ్లీ దగ్గి దగ్గి నెత్తురు ఉమ్మింది. మర్నాడు వెంకట్ ఆమెను మానుకోటకు, బస్టాండు వెనక ఎక్స్‌రే తీసే చోటికి తీసుకుపోయాడు. అక్కడున్న కొత్తాయన ఆమె చేతులు చూసి, గాజులు తీస్తేనే ఫొటో అన్నాడు. జమ్లీ మారుమాట లేకుండా లేచి బయటికి వచ్చేసింది. రెండు రోజులుగా ఈ ఇంట్లో అన్నం కంటే కోపమే ఎక్కువ ఉడుకుతోంది.

అవి మామూలు గాజులైతే ఇంత రభస ఉండేది కాదు. మోచేతి పైనుంచి భుజం దాకా వరసగా ఎక్కించిన ఎముక గాజులవి, బలియాలు. జమ్లీకి అత్త పెళ్లినాడు తన చేత్తో తొడిగింది. మొగుడు పోయిన రోజున తప్ప వాటిని తీయరు. నలభై ఏళ్లలో కండ పెరిగి అవి చర్మంలో కలిసిపోయినట్టు అయ్యాయి. ఇప్పుడు కోస్తే తప్ప రావు.

"కొయ్యి బిడ్డా," అన్నాడు లక్ష్మా మంచం మీంచి. రెండు రోజుల్లో ఆయన నోరు విప్పడం అదే మొదలు. "నేను సచ్చిననుకో. కొయ్యి."

జమ్లీ గిరుక్కున తిరిగింది.

"సచ్చినవనుకోనీకె నువ్వెవనివయ్యా? గాజులు తొడిగింది నీ తల్లి, మోసింది నేను. నువ్వు బతికినవో సచ్చినవో గీ చెయ్యి చెప్తది. నీ నోరు గాదు!"

అరిచిన అరుపుకు దగ్గు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయింది. అందరూ కొంగు వైపే చూశారు. ఈసారి నెత్తురు లేదు. వెంకట్ బ్లేడు పట్టుకున్న చెయ్యి కొంచెం దించాడు.

నవ్య వెళ్లి తల్లి పక్కన కూర్చుంది. "యాడీ, గాజులు కొయ్యద్దు. తప్పు గాజులది గాదు, పురుగుది. రైల్ల కూసోని నీ ఫొటో మీద దాన్ని మళ్ల తోలిన. ఒక్కొక్క అడుగు చూసిన. ఏడ తప్పిందో దొరికింది."

"నా రొమ్ముల పురుగు తోలినవ్. మళ్ల తోలినవా?"

"నీ రొమ్ముల గాదే. ఫొటో మీద."

"గది తిరిగినంకనే దగ్గు ఎక్కువైంది," అంది జమ్లీ ఖచ్చితంగా.

ఈ సంగతి ఆమెకు ఎన్నిసార్లు చెప్పినా అంతే. పురుగంటే నిజం పురుగు కాదు. కంప్యూటర్లో పుట్టి కంప్యూటర్లోనే తిరిగేది. దాన్ని ఎక్స్‌రే మీద వదిలితే ముందున్నది నలుపో తెలుపో తడుముకుంటూ, పక్కటెముకల అంచు పట్టుకుని పాకుతుంది. ఎక్కడ వంగాలో, ఎక్కడ సాగాలో, ఎప్పుడు వెనక్కి రావాలో దానికదే తేల్చుకుంటుంది. అలా ఊపిరితిత్తి చుట్టూ తిరిగొచ్చి, తాను చుట్టిన మేరలో మచ్చ ఏదైనా ఉందో లేదో చెబుతుంది. ప్రాణమున్న పురుగుల నడక చూసి దానికి నడక నేర్పారు. అందుకే జనగామ ఆఫీసులో దాని పేరు పురుగు. దాన్ని సాకినవాళ్లలో నవ్య ఒకతి.

రెండు నెలల కింద గూడూరులో పెట్టిన ఎక్స్‌రే క్యాంపులో ఆ పురుగే జమ్లీ ఫొటో చూసి, మచ్చ లేదని కాగితం ఇచ్చింది.

"ఎడమ పక్క దిగుకుంట వచ్చింది యాడీ," అంది నవ్య, వేలితో నేల మీద గీత గీస్తూ. "నీ చేతులు కిందికి ఉన్నయి. గాజులు పక్కటెముకల మీద పడ్డయి. అవీ ఎముకనే, ఇవీ ఎముకనే, అవీ వంకర, ఇవీ వంకర. నీ గాజులు చూసి పక్కటెముకలనుకొని లోపలికి తిరిగింది. కింద మూల మొత్తం చూడకుంటనే పోయింది. సగం చూసి మంచిగుంది అన్నది."

"చూడలేదని చెప్పొచ్చు గద?"

"చెప్పాలె. చెప్పలేదు."

"మరి గా మూలల ఏమున్నది?" అన్నాడు వెంకట్.

"తెల్వది. మళ్ల ఫొటో తీస్తెనే తెలుస్తది."

"గదే గద నేను మొత్తుకునేది! గాజులు తియ్యకుంట ఎట్ల తీస్తరే?"

మాట తిరిగి తిరిగి మళ్లీ బ్లేడు దగ్గరికే వచ్చింది. నవ్య ఒక్క ఉదుటున లేచి ఫోను తీసింది. కోపం ఎవరి మీద చూపాలో ఆమెకు అప్పుడు తెలిసింది. ఆఫీసు నడిపే యుగేందర్‌కు కలిపింది. స్టేషన్ ఘన్‌పూర్ మనిషి, మాట మెత్తన. భూపాలపల్లిలో ఈ రోజే పెద్ద క్యాంపు మొదలైంది. పురుగును పరీక్షించాను, పనికొస్తుంది అని నవ్య సాయంత్రంలోగా ఒప్పుకోలు సంతకం పెడితే, ఆ జిల్లా తండాలన్నిటికీ దాన్ని తిప్పుతారు.

"సార్, భూపాలపల్లి క్యాంపు ఆపండి. గాజులున్న ఆడోళ్ల ఫొటోలల్ల పురుగు తప్పుతున్నది. మా అమ్మదాంట్లనే తప్పింది."

"అయ్యో. ఇప్పుడు ఎట్లుంది అమ్మకు?" అన్నాడు యుగేందర్. వెంటనే, "ఆపుడేంది నవ్యా? వంద మంది లైన్ల నిలబడ్డరు. గాజులతోని తప్పుతదంటున్నవ్, అంతే గదా? గేటు కాడ బోర్డు పెట్టిస్త. ఆభరణాలు తీసి లోపలికి రావాలె అని."

"అవి తీసేటివి గాదు సార్! నేర్పాలంటే పురుగుకు నేర్పాలె. మనుషులకు గాదు."

"నేర్పద్దని నేనన్ననా?" ఇప్పుడు ఆయన గొంతులో మెత్తదనం పోయింది. "రెండేండ్ల కింద పురుగుకు చూపిచ్చే ఫొటోలు ఏరింది ఎవరు? గాజులున్నయన్ని పక్కకు తీసింది ఎవరు? రెండు వందల పన్నెండు ఫొటోలు. వాటిని పెట్టిన ఫోల్డరుకు పేరు పెట్టింది కూడ నువ్వే. గుర్తున్నదా?"

ఫోను స్పీకరులో ఉందన్న సంగతి నవ్యకు అప్పుడు గుర్తొచ్చింది. ఫోను పెట్టేసింది.

"ఏం పేరు పెట్టినవ్?" అన్నాడు వెంకట్.

"అన్నా, గది ఆఫీసుల అందరు అనే మాట. ఖరాబైన ఫొటోలను..."

"ఏం పేరంటున్న."

"చెత్త," అంది నవ్య.

బయట కోడి ఒకటి వాకిట్లో మక్కలు పొడుస్తున్న చప్పుడు వినిపించింది. వెంకట్ బ్లేడును గోడకేసి విసిరికొట్టాడు. అది పడిన చోట మట్టి రాలింది.

జమ్లీ మాత్రం కోపంగా చూడలేదు. అందుకే నవ్యకు ఎక్కువ భయం వేసింది. కొంగు దులుపుకుని లేచి, చెప్పులు వెతుక్కుంది.

"ఆటో పిలువు రా వెంకట్. గీ చేతులతోనే పోత. తీస్తె తీయనీ, లేకుంటె లేదు."

*

మానుకోటలో ఆ రోజు కొత్తాయన లేడు. రోజూ ఫొటోలు తీసే అసలు మనిషి రాజమణి ఉంది. యాభై దాటిన మనిషి, ముక్కు మీద కళ్లజోడు, ఎవరినీ లెక్కచేయని గొంతు. జమ్లీని పైనుంచి కిందికి ఒకసారి చూసింది. వెంకట్ జరిగింది చెప్పబోతే వినిపించుకోలేదు.

"గాజులు తీస్తెనే ఫొటో వస్తదని ఎవలు చెప్పిండ్రు?" అంది. "అక్కా, అడివికి పోతవా?"

"పోతుంటి. ఇప్పుడు చాతనైతలేదు."

"కట్టెల మోపు ఎట్ల పట్టుకుంటవ్? చూపియ్యి."

జమ్లీ అనుమానంగా చూసి, రెండు చేతులూ పైకెత్తి నెత్తి మీద పెట్టుకుంది. భుజాలతో పాటు గాజులన్నీ పైకి లేచి చెవుల పక్కకు వచ్చాయి. రొమ్ము మీద, పక్కటెముకల మీద ఒక్క గాజు నీడ లేదు.

"గట్లనే ఉండు. మోపు కింద పడేటట్టున్నది, కదలకు. ఊపిరి బిగవట్టు." మర చప్పుడైంది. "అయిపాయె. దించు మోపు."

అంతే. రెండు రోజుల పోట్లాట, ఆక్సా బ్లేడు, బతికున్న మనిషి నేను చచ్చాననుకోమనడం, అన్నీ ఆ ఒక్క మాటతో తీరేవి. నవ్యకు ఏడుపొచ్చింది. అది ఏడుపు కాదు, మంట. గూడూరు క్యాంపులో ఎవరైనా మా అమ్మను చేతులెత్తమన్నారా? నేనైనా అన్నానా? పురుగుకు కళ్లూ మీసాలూ బుద్ధీ పెడుతూ కూర్చున్నాను గానీ, కట్టెల మోపు మోసే మనిషిని ఒక్క మాట అడగలేదు. అలా తనను తాను తిట్టుకుంటూనే సంచిలోంచి కంప్యూటరు తీసి, కొత్త ఫొటో ఎక్కించి, పురుగును వదిలింది.

ఆకుపచ్చ గీతగా అది ఎడమ పక్క దిగింది. ఈసారి లోపలికి తిరగలేదు. కింద మూల దాకా పోయింది. అక్కడ ఆగింది. ముందుకు తడిమింది, వెనక్కి వచ్చింది, మళ్లీ తడిమింది. ఎర్రబడి అక్కడే నిలిచిపోయింది.

రాజమణికి పురుగు అవసరం పడలేదు. ఆమె ఫిల్మును వెలుతురుకు పట్టి అదే మూల మీద గోరు పెట్టింది.

"డాక్టరు చెప్పాలె, నేను చెప్పద్దు," అంది మెల్లగా, నవ్య ఒక్కదానికే వినపడేటట్టు. "గీడ మచ్చ ఉన్నది. పాత ఫొటో ఏమన్న ఉన్నదా బిడ్డా? ఎన్కట గూడ గిట్లనే ఉంటె ఎప్పటిదో మానిన మచ్చ. లేకుంటె కొత్తది, పెరుగుతున్నట్టు. వరంగల్ పెద్ద దవాఖానల ముందుగాల గదే అడుగుతరు. ఏదైనా సరే, ఇయ్యాల్నే పోండ్రి."

"గూడూరు క్యాంపుది ఉన్నది మేడం. రెండు నెల్ల కిందిది."

"దాంట్ల మూల కనపడ్తదా?"

కనపడదు. గాజులు పడింది ఆ మూల మీదే.

"రెండేండ్ల కింద గూడ ఒకటి తీసిండ్రు," అంది జమ్లీ వెనక నుంచి. ఎంత మెల్లగా చెప్పినా ఆమె విననే విన్నది. "గుడిసెల ముందట బండి పెట్టి తీసిండ్రు. అప్పుడు గుంజకు ఆనుకోని నిలవడ్డ. గాజులు జర పైకున్నయేమో."

ఆ బండి నవ్య ఆఫీసుదే. ఆ ఫొటోలే పురుగుకు చదువు చెప్పడానికి తెచ్చినవి. గాజులున్నవన్నీ తన చేత్తో తీసి చెత్తలో వేసింది. వాటి మీద పేర్లు లేవు, అంకెలే.

"రెండు వందల పన్నెండు ఉన్నయి యాడీ. పేర్లు తీసేసిండ్రు. నీదేదో ఎట్ల గుర్తువట్టాలె?"

జమ్లీ ఎడమ చెయ్యి ముందుకు చాపింది. పై నుంచి మూడో గాజు పగిలి ఉంది. దాని చుట్టూ రాగి తీగ చుట్టి ఉంది.

"మోటరు కాలిపోయిన యాడాది మిర్పతోట్ల పడ్డ. పగిలింది. మీ బాపు మోటరు తీగె తీసి కట్టిండు. తీగె కనపడ్తదా ఫొటోల?"

"ఎముక కంటె తెల్లగ కనపడ్తది," అంది నవ్య.

రెండేళ్ల కింద ఒక్కో ఫొటోకు రెండు సెకన్లు కూడా పట్టలేదు. గాజులున్నాయా, పక్కకు. గాజులున్నాయా, పక్కకు. ఆ వరసలో రాగి తీగ మెరుపు తన కళ్ల ముందు నుంచి పోయే ఉంటుంది. కన్న తల్లి చేతిని చూసి చెత్తలో వేసి ఉంటుంది. ఇంట్లో రోజూ చూసిన తీగను గుర్తుపట్టలేదు. నవ్యకు తన కళ్ల మీదే అసహ్యం పుట్టింది.

*

బస్టాండులో వరంగల్ బస్సు ఇంజను ఆన్ చేసి ఉంది. వెంకట్ సీట్లో తువ్వాల వేసి వచ్చాడు. జమ్లీ బెంచీ మీద కూర్చుంది. నవ్య స్తంభం చాటుకు పోయి యుగేందర్‌తో మాట్లాడింది.

"సార్, చెత్త ఫోల్డరుల ఒక ఫొటో కావాలె. ఎడమ చేతికి, పై నుంచి మూడో గాజుకు తీగ చుట్టి ఉంటది. మా అమ్మది. డాక్టరుకు చూపియ్యాలె."

"వెతికిస్త. నీ కోసం ఎందుకు వెతికియ్య?" అన్నాడు ఆయన. "మరి నా సంగతేంది? ఒప్పుకోలు కాగితం నీ ఫోనుకు పంపిన. పచ్చ గడి మీద వేలు పెడితే అయిపోతది. అవుతల బోర్డు గూడ పెట్టిచ్చిన, నువ్వు చెప్పినట్టే."

"నేను బోర్డు పెట్టమనలేదు."

"గాజులతోని తప్పుతది అన్నవ్. గాజుల్లేకుంటె తప్పు చెయ్యది గదా? ఇగ నీకొచ్చిన నష్టమేంది? సంతకం పెట్టు, పది నిమిషాలల్ల ఫొటో నీ ఫోన్ల ఉంటది."

"సార్, గది మా అమ్మ ఫొటో. దాన్ని అడ్డం పెట్టుకుంటరా?"

"కంపెనీ ఫొటో," అన్నాడు యుగేందర్, మళ్లీ మెత్తగా.

ఫోను తెర మీద పచ్చ గడి వచ్చింది. నవ్య దాన్ని చూస్తూ నిలబడింది. నిజమే కదా, గాజులు లేకపోతే పురుగు తప్పు చేయదు. ఎవరికీ కీడు జరగదు. ఇక్కడ అమ్మకు ఫొటో దొరుకుతుంది. వేలు గడి దగ్గరికి పోయింది కూడా.

అప్పుడే వెంకట్ జేబులో ఫోను మోగింది. జమ్లీ చెల్లెలు నీలి చేసింది, భూపాలపల్లి నుంచి. వెంకట్ ఫోను తల్లి చెవి దగ్గర పెట్టాడు. పెట్టీ పెట్టకముందే ఏడుపు బయటికి వినపడింది.

"అక్కా, నా గాజులు కోసేసిండ్రే!"

జమ్లీ లేచి నిలబడింది. "ఎవలు? ఎందుకు?"

"గీడ క్యాంపు కాడ. పొద్దుగాల ఏం లేకుండె. పదకొండు కొట్టంగ బోర్డు తెచ్చి కట్టిండ్రు. గాజులుంటె లోపటికి రానియ్యం అన్నరు. మర చూడదట. గేటు కాడ ఒకడు కటింగ్ ప్లయరు వట్టుకొని కూసున్నడు. నాకు భయమైంది. నువ్వు నెత్తురు కక్కినవంటిరి గద, నాకు గూడ అట్లనే ఉంటదేమోనని చెయ్యి చాపిన. ఒక్కటొక్కటి పటపట ఇరిసిండు. మా ఆయన ఇంట్ల బువ్వ తింటుండక్కా. నేను గీడ ముండమోసిన చేతులేసుకొని నిలవడ్డ. ఇంటికి ఎట్ల పోవాలె?"

"నీ ఒక్కదానియేనా?"

"లైన్ల గాజులున్నోళ్లం పద్నాలుగు మందిమి. ఇంకా కోస్తనే ఉన్నరు."

జమ్లీ ఫోను దించింది. నవ్య వైపు తిరిగింది. ఇంట్లో లేని కోపం ఇప్పుడు ఆ ముఖంలో ఉంది.

"గా బోర్డు ఎవలు పెట్టమన్నరు?"

"నేను పెట్టమనలేదు," అంది నవ్య. "గాజులతోని పురుగు తప్పుతదని చెప్పిన. ఆపమని చెప్పిన. వాళ్లు ఆపలేదు. బోర్డు పెట్టిండ్రు."

"నువ్వు చెప్పినందుకే పెట్టిండ్రు."

"ఔ."

"ముందుగాల మా ఫొటోలు చెత్తల ఏసినవ్. ఇప్పుడు గాజులు ఏయిస్తున్నవ్." జమ్లీ కొంగు నడుముకు బిగించింది. "నర్సంపేట బస్సు ఏది?"

వెంకట్‌కు ముందు అర్థం కాలేదు. భూపాలపల్లికి అదే దారని అర్థమయ్యాక కేకేశాడు. "యాడీ, లేశమన్న బుద్ధున్నదా? గా రాజమణి మేడం ఏం చెప్పింది? ఇయ్యాల్నే వరంగల్ పొమ్మన్నది! భూపాలపల్లి పోయి నువ్వేం చేస్తవ్?"

"చేతులెట్ల ఎత్తాల్నో చూపిస్త."

"ఫోన్ల చెప్పు!"

"ఫోన్ల చెప్తె గేటు కాడోడు ఇంటడా? నన్ను చూస్తె ఇంటడు. వాని ముంగట నిలబడి మోపు ఎత్తుత. ప్లయరు వట్టుకొని రానీ నా కాడికి!"

దగ్గు తన్నుకొచ్చింది. బెంచీ అంచు పట్టుకుని నిలదొక్కుకుంది. ఈసారి కొంగు మీద ఎర్రగా చుక్క కనిపించింది. ఆమె కూడా చూసింది. కొంగు మడిచి లోపలికి దోపుకుని, నర్సంపేట బోర్డు ఉన్న బస్సు వైపు నడిచింది.

నవ్య చేతిలో ఫోను కిర్రుమంది. యుగేందర్ పంపిన మాట. ఫొటో దొరికింది. మూడో గాజుకు తీగ ఉన్నది. మూల మొత్తం కనపడ్తున్నది. సంతకం పెడితే పంపుత.

వెంకట్ భుజం మీంచి చదివాడు.

"పెట్టు," అన్నాడు.

"అన్నా, పెడ్తె ఆ బోర్డు అన్ని తండాలకు పోతది."

"పోనీ! ఊరందరి గాజుల కోసం మా యాడీ పానం ఇడ్వాల్నా? పెట్టు అంటున్న!"

"పెట్ట."

"నువ్వు మాకేం చేసినవే ఇన్నేండ్లల్ల? గీ ఒక్కటి చెయ్యి!"

ఫోను కోసం ఇద్దరూ గుంజుకున్నారు. నర్సంపేట బస్సు కదిలింది. మెట్టు మీద జమ్లీ ఒక చేత్తో కడ్డీ పట్టుకుని వెనక్కి చూసింది. "నవ్యా, ఎక్కుతవా, సంతకాలే పెట్టుకుంట కూసుంటవా?"

నవ్య ఫోను వదిలేసింది. పరుగెత్తి, కదులుతున్న బస్సు మెట్టు పట్టుకుంది. జమ్లీ ఆమె జబ్బ పట్టి లోపలికి లాగింది. ఆ చెయ్యి వేడిగా కాలిపోతోంది.

"అన్న ఎక్కలేదా?" అంది జమ్లీ.

నవ్య వెనక అద్దంలోంచి చూస్తోంది. బస్టాండు నడుమ వెంకట్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. తెరిచి ఉన్న ఆమె ఫోనును అరచేతిలో పెట్టుకుని, తల వంచి, బొటనవేలు పెట్టాల్సిన పచ్చ గడిని వెతుకుతున్నాడు.